తాళం పడిన తహశీల్దారు గారు

జీపు తలుపుల తాళాలు బిగుసుకుపోయి తహశీల్దారు ముఖలింగం గారు లోపలే ఉండిపోయిన రెండో ఏడు, జిల్లేడుగెడ్డ మండలం పరిపాలనలో జిల్లాకంతటికీ మొదటి స్థానంలో నిలిచింది. బహుమతిగా ఇచ్చిన ఇత్తడి డాలు కిటికీ సందులో పట్టలేదు కాబట్టి దాన్ని బానెట్టు మీద తాళ్ళతో కట్టారు.

జీపుకి అంతో ఇంతో అందం వచ్చిందంటే ఆ డాలుతోనే వచ్చింది. అది కొండలెక్కే పాతకాలపు జీపు. ఎన్నికల పెట్టెలు మోసింది, వరద బియ్యం మోసింది, ఒకసారి ఏనుగుల్ని తోలడానికి వెళ్ళి ఏనుగుల చేత తోయించుకుని తిరిగొచ్చింది. వెనక తలుపుని ఏనాడో వెల్డింగు పెట్టి మూసేశారు. ఎందుకు మూశారో తెలిసినవాళ్ళంతా రిటైరైపోయారు. ముందు తలుపులు రెండూ బాగానే ఉండేవి. ఒక వానపూట గెడ్డ దాటుతూ, నీళ్ళు లోపలికి రాకుండా తలుపులు గట్టిగా లాక్కున్నారు. అవతలి గట్టుకి చేరాక చూస్తే అవి రావు. తాళంచెవి తిప్పితే చెవే విరిగింది. అద్దాలు దింపబోతే నాలుగు వేళ్ళ సందు మేర దిగి, ఇంక మా వల్ల కాదన్నాయి.

అద్దం పగలగొట్టొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. అక్కడి పిల్లాపాపలకి కూడా అనిపించింది. కానీ అది ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తికి నష్టం జరిగితే పంచనామా రాయాల్సింది తహశీల్దారు. ఆయనేమో ఆస్తి లోపల ఉన్నారు. అందుకని పై ఆఫీసుకి రాశారు. "వాహనములో చిక్కుకున్న వ్యక్తి, దిగుటకు అనుమతి కోరు దరఖాస్తును స్వయముగా హాజరై సమర్పించవలెను" అని జవాబొచ్చింది. ముఖలింగం గారు దాన్ని తిరగేసి మరగేసి చదివి, అందులో తప్పేమీ కనపడక, అందినట్టు సంతకం పెట్టారు.

ఆ తర్వాత రోజులు సాఫీగానే గడిచాయి. ఇంజను బాగుంది. డ్రైవరు దాలినాయుడు ఎలాగూ లోపలే ఉన్నాడు. డీజిలు బయటి నుంచి పోస్తారు. అట్టుని చుట్టచుట్టి సందులోంచి తోస్తారు, అన్నాన్ని చిన్న చిన్న ముద్దలు చేసి అందిస్తారు. కాఫీకి బొప్పాయి ఆకు కాడ ఉంది. మంగలి సింహాచలం సందులోంచి కత్తెర దూర్చి, దొరికిన మేరకి దొరికినట్టు క్షవరం చేసేవాడు. మిగతా అవసరాల సంగతి అడగకండి. జీపు నేల మీద పిల్లి పట్టేంత తుప్పు కంత ఒకటి ఉంది. ప్రభుత్వం ముందుచూపు మనకి వెంటనే అర్థం కాదు.

మండలం మాత్రం మారిపోయింది. ఇదివరకు తహశీల్దారు గారంటే వినడమే గానీ చూసినవాళ్ళు తక్కువ. సారు క్యాంపుకెళ్ళారు, సారు మీటింగులో ఉన్నారు, సారు ఇలా వచ్చి అలా వెళ్ళారు. ఆఫీసుకి వెనక గుమ్మం ఉండబట్టి ఇవన్నీ నిజాలే. జీపుకి వెనక గుమ్మం లేదు. పైగా అది ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊళ్ళోనే తహశీల్దారు ఉన్నట్టు. జనం చుట్టూ చేరతారు, సందులోంచి కాయితం తోస్తారు. చేతికొచ్చిన కాయితాన్ని పెట్టుకోవడానికి లోపల చోటు లేదు కాబట్టి, సంతకం పెట్టి తిరిగి బయటికి తోసెయ్యడం తప్ప ఆయనకి వేరే దారి లేదు. తాతల నాటి పొలం తగాదాలు కూడా అట్టు నమిలినంతసేపట్లో తేలిపోయాయి.

దీనికి సంతోషించనిది ఒక్క వరహాలమ్మ గారే. ఆవిడ ముఖలింగం గారి భార్య. జీపు ఎక్కడుంటే అక్కడికి రోజూ సాయంత్రం వచ్చి, ముక్కాలిపీట వేసుకుని సందు పక్కన కూర్చునేది. ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. దసరా దాటిన మర్నాడు ఆవిడ కబుర్లాడకుండా ఊరికే కూర్చుంది.

"ఏమైంది?" అన్నారాయన.

"ఏమీ అవలేదు. నాగులచవితి వస్తోంది. క్రితం ఏడూ, అంతకు ముందేడూ పుట్ట దగ్గరికి ఒక్కదాన్నే పాలు పట్టుకెళ్ళాను. మీ ఆయన పోయాడా అని అడిగింది ఒకావిడ. లేదమ్మా, జీపులో ఉన్నారన్నాను. అయ్యో పాపం, దానికన్నా పోవడమే నయమంది."

వెనక్కి వాలి కూర్చున్న దాలినాయుడు ముసిముసిగా నవ్వాడు.

"నువ్వు నవ్వకు నాయుడూ," అంది వరహాలమ్మ. "ఊళ్ళోవాళ్ళ కాయితాలన్నిటికీ ఈ సందులోంచి దారి దొరికింది. ఈయనకే దొరకలేదు."

ముఖలింగం గారికి అది గుచ్చుకుంది. "నాగులచవితికి నీతో పుట్ట దగ్గరికి నడిచొస్తాను. ఇది నా మాట," అన్నారు. ఆయన మామూలుగా మాట ఇచ్చే మనిషి కాదు. పరిశీలిస్తామనే మనిషి.

మర్నాడు పట్నం నుంచి మెకానిక్ మస్తానుని పిలిపించారు. అతను జీపు చుట్టూ తిరిగి, తలుపు మీద వేలితో కొట్టి విని, సందు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"తాళం బాగవుద్ది సార్. తలుపుకి లోపలి వైపు అట్ట ఉంది చూడండి, అది ఊడదియ్యాల."

"తియ్యి మరి."

"అట్ట మరలు తలుపు అంచున ఉంటాయి సార్. తలుపు తెరిస్తేనే అందుతాయి."

"తలుపెప్పుడు తెరుచుకుంటుంది?"

"తాళం బాగయ్యాక."

ముఖలింగం గారు తలుపు వైపొకసారి, మస్తాను వైపొకసారి చూశారు. ఆ తర్కం ఆయనకి ఎక్కడో బాగా పరిచయమైనట్టు అనిపించింది. దాలినాయుడు మటుకు మస్తాను వైపు గౌరవంగా చూసి, "మన ఆఫీసులో ఎప్పుడు చేసేవారండి ఈయన?" అనడిగాడు.

సరే, మరలు అందకపోతే అట్టనే చింపుదామని ముఖలింగం గారు నిశ్చయించుకున్నారు. అట్ట కూడా ప్రభుత్వ ఆస్తే. అయితే అది లోపలి ఆస్తి, లోపల తానే తహశీల్దారు, కాబట్టి పంచనామా తానే రాసుకోవచ్చు. రాసుకుని, దాలినాయుడి చేత సాక్షి సంతకం పెట్టించి, సందులోంచి మస్తాను అందించిన స్క్రూడ్రైవరుతో అట్టని కింది నుంచి పైకి చీల్చారు. మోచేతి దాకా చెయ్యి తలుపులోకి పెట్టి తడిమారు. తాళాన్ని లాగే సన్నటి ఇనప కడ్డీ దొరికింది. దాన్ని పట్టుకుని పైకి పోతే గొళ్ళెం ఉండాల్సిన చోట రాయి లాంటిదేదో తగిలింది. గీకి, గోటి మీద పెట్టుకుని చూశారు. పచ్చగా ఉంది.

"నాయుడూ, తాళంలో పసుపేమిటి?"

"దసరాకి పెడతాం గదండి. పసుపూ, కుంకం, గంధం. ప్రతీ ఏడూ. తాళం కన్నంలోకి బాగా దట్టించి పెడతామండి, లోపల అమ్మోరికి అందాలని."

"మరి నూనె?"

"నూనె పూజలో లేదండి."

ఎన్ని దసరాలో ఏమో, ఒకదాని మీద ఒకటి పేరుకుని గొళ్ళేన్ని సిమెంటులా పట్టేశాయి. ముఖలింగం గారు పంచె ఎగ్గట్టారు. మస్తాను కిరోసిను సీసా, గ్రీజు డబ్బా ఇచ్చి పోయాడు. ఆ రోజు నుంచి ఆయన కుడిచేత్తో గీకడం, ఎడంచేత్తో సంతకం పెట్టడం. కాయితాలన్నిటి మీదా పచ్చటి వేలిముద్రలు పడేవి. శుభమే కదా అని జనం కళ్ళకద్దుకుని తీసుకెళ్ళేవాళ్ళు.

వింత ఏమిటంటే, పగలంతా ఎంత గీకినా మర్నాటికి గొళ్ళెం మళ్ళీ నిండుగా ఉండేది. తలుపే పసుపు చెమరుస్తోందేమోనని దాలినాయుడు అనుమానించాడు. ఒక ఉదయం ముఖలింగం గారు కునికిపాట్ల లోంచి లేచి చూస్తే, బయట గంగులమ్మ అనే ముసలామె తాళం కన్నంలోకి తడి పసుపు పూస్తోంది. ఆమె వెనక ఇంకా చాలామంది, చేతుల్లో పసుపు గిన్నెలతో, వరసలో నిలబడి ఉన్నారు. తోపులాట లేదు. ఈ మండలంలో వరస అంత ఒద్దికగా నిలబడడం ఆయన అదే చూడడం.

"ఏం గంగులమ్మా, ఏం చేస్తున్నావ్?"

"మొక్కు బాబూ. తాళమ్మ తల్లికి."

"నేను బయటికి రాకూడదనా?"

"రావాల బాబూ. ఎందుకు రాకూడదు? నీ పెళ్ళాం రోజూ పీటేసుకుని కూకుంటాది, సూడలేకపోతన్నాం. నా బూమి కాయితం ఒకటుంది. అదయ్యాక వచ్చీ."

"వీళ్ళంతా?"

"ఆళ్ళవీ అయ్యాక."

ఆమె గొంతులో పగ లేదు, వెటకారం లేదు. ముఖలింగం గారు లెక్క వేసుకున్నారు. కాయితం ఉన్నంతకాలం పసుపు ఉంటుంది. పసుపు ఉన్నంతకాలం తాళం రాదు. అంటే తాళం బాగు చెయ్యడానికి స్క్రూడ్రైవరు సరిపోదు, మండలమంతా బాగు చెయ్యాలి.

"సరే. తే నీ కాయితం," అన్నారు.

ఆ తర్వాత ఆయన పని చేసిన తీరు గురించి ఇప్పటికీ ఆ కొండల్లో చెప్పుకుంటారు. అట్టు తినడం మానేసి, నమిలే సమయం కూడా సంతకాలకే పెట్టారు. దాలినాయుడు ముద్ర కొట్టీ కొట్టీ, స్టీరింగు తిప్పినా ముద్ర కొట్టినట్టే తిప్పేవాడు, జీపు గెంతుకుంటూ పోయేది. రేషను కార్డులు, గట్టు తగాదాలు, చచ్చిపోయినట్టు రాసేసిన బతికున్నవాళ్ళు, బతికున్నట్టు రాసేసిన చచ్చిపోయినవాళ్ళు, అందరినీ ఎవరి వరసలోకి వాళ్ళని చేర్చారు. పక్క మండలం వాళ్ళు తమ కాయితాల్ని కూడా దొంగతనంగా తోస్తే, వాటికీ పెట్టేశారు. ఒక్కొక్క కాయితం తేలుతుంటే ఒక్కొక్క పసుపు గిన్నె ఇంటికి పోతోంది. ఆ కబురు పైకి చేరి, జిల్లాలో మిగతా జీపుల తాళాలు ఏ స్థితిలో ఉన్నాయో వెంటనే నివేదించమని సర్క్యులరు వెళ్ళింది. చాలామంది అధికారులు ఆ వారంలోనే తాళాలకి నూనె పెట్టించుకున్నారని వినికిడి.

నాగులచవితి ఉదయం తెల్లారేసరికి సందు దగ్గర ఒక్క కాయితమూ లేదు. తాళం మీద పసుపు లేదు. జనం మాత్రం వచ్చి, కాస్త ఎడంగా నిలబడి చూస్తున్నారు. వరహాలమ్మ గారు తలంటు పోసుకుని, కొత్త చీర కట్టుకుని, పాలచెంబు పట్టుకుని జీపు పక్కన నిలబడింది. ముఖలింగం గారు అట్ట చీలికలోకి చెయ్యి పెట్టి, చివరి పసుపు పెచ్చుని గోటితో లేపి, గ్రీజు రాసి, కడ్డీ లాగారు. గొళ్ళెం వెన్నలో కత్తి దిగినట్టు జారింది. తలుపు తెరుచుకుంది.

ఆయన ముందు ఒక కాలు, తర్వాత రెండో కాలు బయట పెట్టి నిలబడ్డారు. నిలబడ్డారంటే, నడుము సీటు ఆకారంలోనే ఉంది, మొహం మటుకు నిలబడ్డట్టే ఉంది. నేల చల్లగా తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాలినాయుడు లోపల్నించే చప్పట్లు కొట్టాడు. అతని తలుపు జోలికి ఎవరూ వెళ్ళలేదు, వెళ్ళమని అతనూ అడగలేదు.

గంగులమ్మ దగ్గరికొచ్చి దణ్ణం పెట్టింది. "సల్లగుండు బాబూ. మా మనవరాలి కులం కాయితం ఒకటి మిగిలిపోనాది. దానికెప్పుడు రమ్మంటావు?"

"రేపు రా," అన్నారు ముఖలింగం గారు.

అనాలని అన్నది కాదు. పాదాలకి నేల తగలగానే నోటికి దానంతట అదే వచ్చేసింది. గంగులమ్మా, జనమూ చాలా రోజుల తర్వాత తెలిసిన మనిషి కనిపిస్తే చూసినట్టు ఆయన వైపు చూశారంతే.

వరహాలమ్మ గారు, "పదండి, పొద్దెక్కుతోంది, పుట్ట దగ్గర రద్దీ అవుతుంది," అంది.

"నువ్వు నడుస్తూ ఉండు. ఒక్క ఐదు నిమిషాల్లో వచ్చేస్తా," అన్నారాయన.

ఆవిడ కదల్లేదు. చెంబులోని పాలకేసి చూసింది. ఆ ఐదు నిమిషాలు ఆవిడకి కొత్త కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచి, ఆయన జీపులో ఇరుక్కున్న రోజు దాకా, ఆవిడ కాపురమంతా ఆ ఐదు నిమిషాల్లోనే గడిచింది.

"ఎక్కండి," అంది.

"ఎక్కడికి?"

"జీపు. లోపలుంటే ఎక్కడున్నారో ఊరికీ తెలుస్తుంది, నాకూ తెలుస్తుంది."

ముఖలింగం గారు ఆవిడ వైపు చూశారు, జనం వైపు చూశారు. వాదించడానికి నోరు తెరిచారు గానీ, ఇంకేం మాట బయటికొస్తుందోనని ఆయనకే భయం వేసింది. నోరు మూసుకున్నారు. నడుము ఇంకా సీటు ఆకారంలోనే ఉండబట్టి ఎక్కడం కష్టమనిపించలేదు. కూర్చుని, తలుపు తన చేత్తోనే లాక్కున్నారు. గ్రీజు బాగా పనిచేసింది, చప్పుడే రాలేదు. దాలినాయుడు ఏమీ జరగనట్టు ముద్ర సిరాలో అద్దాడు. సందులోంచి చెయ్యి బయటికి పెట్టి, "తే గంగులమ్మా, మనవరాలి పేరేంటి?" అన్నారు ముఖలింగం గారు.

జనం పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. వరహాలమ్మ గారు పాలు తొణక్కుండా చెంబు పట్టుకుని, ఒక్కర్తే పుట్ట వైపు నడిచింది.

సాయంత్రం ఆవిడ తిరిగొచ్చేసరికి ఆయన ఉన్నారు.