బొద్దు కుక్క సిద్ధాంతం

పశువుల ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళుగా కాంపౌండరుగా పనిచేస్తున్నవాణ్ణి. గేదె నోరు విప్పి తన బాధ చెప్పుకోదు, ఎద్దు అసలే చెప్పుకోదు. ఒంటి మీది నిగనిగ, డొక్కల లోతు, తోక ఊపే తీరు చూసి దాని యజమాని ఏం పెడుతున్నాడో, ఏం పెట్టానని అబద్ధమాడుతున్నాడో చెప్పేస్తాను. ఇంత విద్య చేతిలో ఉండగా తెలియని ఊళ్ళో మంచి హోటల్ పట్టుకోవడం ఓ పనా అనుకున్నాను చూడండి, అక్కడే దెబ్బతిన్నాను.

మా బావమరిదికి ఎక్కడికో దూరం బదిలీ అయింది. అతన్ని చూసి రావడానికి మామయ్యను తీసుకుని కారులో వెళ్ళాలి. రెండు రోజుల దారి, దారంతా కొత్త. బయల్దేరే రోజు పొద్దున్నే మా ఆవిడకు నా పథకం చెప్పాను.

"ఈసారి హోటల్ బోర్డు చూడను, అద్దాల తలుపులు చూడను. పెరటివైపు వెళ్ళి కుక్కను చూస్తాను."

చీర మడతపెడుతున్న చెయ్యి ఆగింది. "తినడానికా?"

"ఛ! హోటల్లో పారేసిందే గదా అది తినేది. కుక్క బొద్దుగా నిగనిగలాడుతోందంటే లోపల వంట అమోఘమన్నమాట. ఒంటిని చూస్తే మేత తెలిసిపోతుంది."

"అలాగా! ఇరవై నాలుగేళ్ళుగా నా ఒంటిని చూస్తున్నారుగా, నేనేం తింటున్నానో చెప్పండి."

"నా బుర్ర," అన్నాను. అది చెప్పాల్సిన జవాబు కాదని చీర మడత పడిన తీరులోనే తెలిసింది.

ఆవిడ అనుమానానికి కారణం లేకపోలేదు. కిందటిసారి నేను ఎంచిన అద్దాల హోటల్లో తిని, ఇంటిల్లిపాదీ రెండు రోజులపాటు ఒకే గది తలుపు ముందు వరసకట్టాం.

"సరే, ఆఖరి అవకాశం," అంది. "ఈసారి తప్పారో, ఇక జన్మలో హోటల్ ఎంపిక నాది. మీరు కారు తోలాలి, నోరు తెరవకూడదు. తినడానికి తప్ప."

ఒప్పుకున్నాను.

మామయ్య సంగతి చెప్పాలి. ఆయన బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలిందిగానీ విజిల్ ఆయన్ని వదల్లేదు, ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంటుంది. షుగర్ మనిషి. మధ్యాహ్నం మాత్ర వేసుకున్న అరగంటలో అన్నం లోపల పడాలి. పడకపోతే ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మనిషి పక్కకు ఒరిగిపోతారు. పోయినేడు ఒకసారి అలాగే ఒరిగారు. ఆ రోజు మా ఆవిడ మొహం చూశాను. మళ్ళీ చూసే ధైర్యం నాకు లేదు.

పన్నెండున్నరకు దూరంగా ఊరొకటి కనిపించింది.

"ఇంకేం, పది నిమిషాల్లో హోటల్. మాత్ర వేసేసుకోండి మామయ్యా," అన్నాను.

మా ఆవిడ "ఆగండి, ముందు హోటల్ కనబడనీ..." అనేలోపే ఆయన గుటుక్కున మింగేశారు. డ్రిల్లు మాస్టారు గదా, ఆజ్ఞ వినిపిస్తే ఆగరు.

మొదటి హోటల్ ఊరి మొదట్లోనే తగిలింది. లోపల బల్లలన్నీ నిండిపోయి, బయట జనం నిలబడి ఎదురుచూస్తున్నారు. పొగలు కక్కే అన్నం వాసన కారులోకే వచ్చేసింది. నేను మాత్రం వాసనకు లొంగకుండా సరాసరి పెరట్లోకి వెళ్ళాను. అక్కడ ఓ కుక్క పడుకుని ఉంది. దాని పక్కటెముకలు చదువు రానివాడు కూడా లెక్కపెట్టగలడు.

తిరిగొచ్చి కారు తీశాను. "ఇది కాదు. పదండి."

"ఇదెందుకు కాదు? జనం నిలబడి మరీ కాచుకుంటున్నారు!"

"జనానికేం తెలుసు? కుక్క డొక్కలు అంటుకుపోయాయి."

"దాని కడుపులో పురుగులున్నాయేమో!"

"కళ్ళు చూస్తేనే చెప్పేస్తాను. పురుగుల్లేవు, గిరుగుల్లేవు. అది వట్టి ఆకలి. ఈ హోటల్లో దానికి మెతుకు కూడా దొరకడం లేదు."

"అల్లుడుగారూ, పన్నెండు నలభై," అన్నారు వెనక సీట్లోంచి మామయ్య.

రెండో హోటల్లో అసలు కుక్కే లేదు. పెరట్లో గిన్నెలు తోముతున్న ఆవిడను అడిగాను.

"ఇక్కడ కుక్కలు నిలవవండీ. వాటికేం దొరుకుతుంది?" అంది.

చూశారా! మూగజీవాలే వెలివేసిన హోటల్. విజయగర్వంతో వచ్చి సంగతి చెప్పాను. మా ఆవిడ నన్ను చూసిన చూపుకి స్టీరింగు వేడెక్కింది.

"ఏమండీ, నాన్న మొహం చూడండి."

అద్దంలో చూశాను. మామయ్య నుదుటిమీద చిన్న చిన్న చుక్కలు మెరుస్తున్నాయి. అయినా పట్టు వదలలేదు. వదిలితే హోటల్ హక్కు పోతుంది, తప్పుడు హోటలయితే మామయ్యే పోతారేమో! ఎటు చూసినా నా మెడకే ఉచ్చు. సందులు గొందులు తిరిగాను. ఒక చోట రోడ్డుకి అడ్డంగా గొర్రెలు వచ్చాయి. వృత్తిధర్మం కొద్దీ ఒకదాని కాలు కుంటుతోందని గమనించాను. అదే మాట పైకి అన్నాను కూడా.

"దిగి కట్టు కట్టి రండి, మేం ఇక్కడే పోతాం," అంది మా ఆవిడ.

"అల్లుడుగారూ, ఒంటిగంట మూడు," అన్నారు మామయ్య. గొంతు సన్నబడింది.

అప్పుడు కనిపించింది! రెండంతస్తుల హోటల్, ఇంటి వెడల్పున బోర్డు. దాని పక్కగోడ నీడలో ఓ కుక్క. కుక్క అనకూడదేమో, దూడ అనాలి. మెడకూ ఒంటికీ తేడా లేదు. నూనె రాసినట్టు మెరిసిపోతోంది. నన్ను చూసి లేవబోయి, బరువుకి లేవలేక, తోక ఒక్కటి ఊపి ఊరుకుంది.

"దొరికింది!" అని కేకేశాను.

లోపల పాతిక బల్లలు, ముగ్గురు మనుషులు.

"ఇంత ఖాళీగా ఉందేమిటండీ?"

"మన అదృష్టం! తోపులాట లేదు."

అదృష్టం పావుగంటైనా బల్ల దగ్గరికి రాలేదు. గల్లాపెట్టె దగ్గర పెద్దమీసాలాయన, అంటే యజమాని, రెండుసార్లు "వస్తోందండీ" అన్నాడు. మామయ్య నీళ్ళ గ్లాసు ఎత్తితే అది పళ్ళకు తగిలి టకటకలాడింది.

"బ్యాగులో బిస్కెట్లు తియ్యండి, త్వరగా," అంది మా ఆవిడ.

అవసరానికని ఆవిడ ప్రత్యేకంగా దాచిన పాకెట్టు అది. పొద్దున పదిగంటలకు తండ్రీకూతుళ్ళిద్దరూ కునుకు తీస్తున్నప్పుడు, నిద్ర రాకుండా ఉంటుందని ఒకటి తిన్నాను. ఆ ఒకటికి తోడుగా ఇంకొకటి. చివరికి మిగిలిన వాటికి తోడు లేదని జాలేసి అవీ తిన్నాను.

"అవీ... దారిలో..."

మా ఆవిడ చరచరా గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళి, టీ కోసం పెట్టుకున్న డబ్బాలోంచి గుప్పెడు చక్కెర తెచ్చి, "నాన్నా, నోరు తెరు," అంది. పదిహేనేళ్ళుగా చక్కెర ముట్టని మనిషి ఆజ్ఞ వినగానే తెరిచారు.

అప్పుడొచ్చింది భోజనం. అన్నం వేలితో పొడిస్తే వేలికి నొప్పి. కూర నుంచి వస్తున్న వాసన మా ఆసుపత్రిలో గాయాలు కడిగే మందుది.

మామయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. కాసేపటికి బుగ్గ పక్కనుంచి, "అల్లుడుగారూ, మింగమంటారా, ఉమ్మమంటారా?" అన్నారు.

"ఇప్పుడే వంటవాడి సంగతి తేలుస్తాను," అని లేచాను. నిజానికి మా ఆవిడ ఎదుట కూర్చునే ధైర్యం లేక లేచాను.

వంటగది వెనక ఒకాయన ఎత్తేసిన పళ్ళేలను తొట్టిలోకి బోర్లిస్తున్నాడు. ఒక్కో పళ్ళెంలోనూ కొండంత అన్నం, వేలు పెట్టని కూర. కుక్క తాపీగా వచ్చి, మూతితో పైపైన కెలికి, నచ్చింది మాత్రం ఏరుకుని తింటోంది. ఎంత దయగల హోటలో అని ఆ బాధలోనూ కళ్ళు చెమర్చాయి. అందుకే ఎవరినీ ఏమీ అనకుండా తిరిగొచ్చాను.

బల్ల దగ్గర ఎవరూ లేరు.

మామయ్య లేరు. మా ఆవిడ లేదు. ఒక కుర్చీ పక్కకు పడిపోయి ఉంది.

"మా వాళ్ళేరీ?" అని అరిచాను.

"ఆ అమ్మ పెద్దాయన్ని భుజం పట్టుకుని బయటికి తీసుకుపోయిందండీ," అన్నాడు పెద్దమీసాలు. "ఆయన అడుగులు తడబడుతున్నాయి."

కారు దగ్గరికి పరుగెత్తాను. ఖాళీ. రోడ్డు మీద పంక్చర్లు వేసే ఆయన్ని "ఇక్కడ ఆసుపత్రి ఎక్కడుంది?" అని అడిగితే, పెరళ్ళు తిరిగి నా చొక్కాకు అంటించుకున్న పేడ మరక చూసి "పశువులదా, మనుషులదా?" అన్నాడు. మామయ్యనెక్కడ పడుకోబెట్టారో, ఏమయ్యారో! అంతా నా వల్లే. ఒక్క బిస్కెట్టయినా మిగల్చకపోయానే! బావమరిదికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

అప్పుడు వినిపించింది. పీ... పీ... పీ... మూడు విజిళ్ళు. మా మామయ్య భాషలో 'వరసలోకి రండి' అని.

రోడ్డుకి అవతల ఓ రేకుల గది. బోర్డు లేదు. గడప ముందు ఓ బక్క కుక్క. దాన్ని దాటి లోపలికి తొంగిచూస్తే, ఉన్న నాలుగు బల్లలూ కిటకిటలాడుతున్నాయి. మామయ్య రెండోసారి వడ్డించుకుని తింటున్నారు. నుదుటి మీద చెమట లేదు. చేతిలో వణుకు లేదు. ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో విజిల్.

గడపలోనే కూలబడ్డాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు.

"అక్కడే కూర్చోండి," అంది మా ఆవిడ. "ముందు ఆ కుక్క పక్కటెముకలు లెక్కపెట్టి, తర్వాత లోపలికి రండి."

"ఈ హోటల్ నీకెలా తెలిసింది?"

"మీ శాస్త్రంతోనే. కిటికీలోంచి ఈ కుక్క కనిపించింది. తీసుకొచ్చేశాను."

"ఇది ఎండుకుపోయి ఉందిగా!"

"కాంపౌండరుగారూ, కుక్కకు వచ్చేది మనుషులు తినేదా, వదిలేసేదా?"

"వదిలేసేదే..."

"మరి ఆ కుక్క అంత బలిసిందంటే ఆ హోటల్లో ఎంతమంది ఎంత వదిలేస్తున్నారో! ఇక్కడ పళ్ళెంలో మెతుకు మిగల్చరు. పాపం, దీని డొక్కలు అంటుకుపోయాయి."

బోర్లించిన పళ్ళేలు కళ్ళ ముందు కదిలాయి. మొదటి హోటల్ ముందు నిలబడ్డ జనం, 'వాటికేం దొరుకుతుంది' అన్న ఆవిడ, అందరూ వరసగా గుర్తొచ్చారు. ఇరవై ఆరేళ్ళ విద్య, రోగం సరిగ్గానే పట్టుకుంది. మందు తోకకు వేసింది.

వంటావిడ నా ముందు పళ్ళెం పెట్టింది. ఏం చెప్పను, వంచిన తల ఎత్తకుండా తిన్నాను. పళ్ళెం అద్దంలా తుడిచేశాక తలెత్తితే, గడప దగ్గర బక్క కుక్క నన్నే చూస్తోంది. నా పళ్ళెం వైపు చూసింది. నా మొహం వైపు చూసింది. ఒక నిట్టూర్పు విడిచి, లేచి, రోడ్డు దాటి రెండంతస్తుల హోటల్ వైపు నడిచింది. ఎక్కడ ఏం దొరుకుతుందో దానికి కూడా తెలుసు.

తిరుగు ప్రయాణంలో ఎంపిక మా ఆవిడదే. అయినా నా చదువును వృథా చేయలేదు. ప్రతి హోటల్ ముందూ కారు ఆపించి, నన్ను పెరట్లోకి పంపేది. మాత్ర డబ్బా మాత్రం తన పిడికిట్లో పెట్టుకుంది.

"ఎలా ఉంది?"

"బొద్దుగా, నిగనిగలాడుతోంది."

"అయితే పోనివ్వండి."

మామయ్య ఒక విజిల్ వేసేవారు. నేను నోరు మూసుకుని గేరు మార్చేవాణ్ణి.