హేండిలు ఎవరో ఒకరు పట్టుకోవాలి

అన్యాయం ఎవరికి జరిగింది? చిన్నతల్లికి. ఎలా జరిగింది? పెళ్ళయిన కొత్తలో, టెక్కలి బజారు నడిమధ్య, పుట్టింటివారందరూ చూసి నవ్వుతుండగా, పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని మొరాయించిన మొగుడి మోటారుసైకిలును బస్టాండు దాకా తోయవలసి వచ్చింది. తోసింది ఆమె ఒక్కతే. మొగుడు బంగారయ్య బండి మీద దర్జాగా కూర్చున్నాడు. ఇదేమి న్యాయమని అడిగినవారికి, "హేండిలు ఎవులో ఒకలు పట్టుకోవాల గదా" అని సమాధానమిచ్చాడు.

ఆనాటినుంచి చిన్నతల్లి ఆ బండి ఎక్కలేదు. కవిటి నుంచి ఏ శుభకార్యానికి వెళ్ళినా ఆమె ఆటోలో వెళ్ళేది. వెనకాలే బంగారయ్య, తండ్రి ఇచ్చిన ఆ పాత బుల్లెట్టు మీద, ఖాళీ సీటుతో వచ్చేవాడు.

ఇప్పుడు బంగారయ్యకు మోకాలు అరిగింది. కిక్కు కొట్టలేడు. మర్నాడు టెక్కలిలో బావమరిది కూతురు ఇందు నిశ్చితార్థం. ఈసారైనా చిన్నతల్లిని వెనక కూర్చోబెట్టుకొని, బటన్ నొక్కగానే కదిలే బండి మీద అదే బజారులో తిప్పాలని ఆయన ఆశ. టైరు మార్పిస్తున్నానని ఇంట్లో అబద్ధం చెప్పి, బండిని పలాసలో మెకానిక్ ఉమామహేష్ దగ్గర వదిలి, సెల్ఫు స్టార్టరు పెట్టించాడు. ఇక బేటరీ ఒక్కటే మిగిలింది. ఆ ఉదయం "పలాసలో పనుంది" అని మాత్రం చెప్పి బయలుదేరాడు.

ఏం పని అని చిన్నతల్లి అడగలేదు. కవిటి చుట్టూ ఉన్న ఉద్దానం పల్లెల్లో ఇంటింటా కిడ్నీ జబ్బే; పలాస వెళ్ళే మనిషి తనంతట తాను చెప్పకపోతే, ఎవరూ అడగరు. కిడ్నీల ఆసుపత్రి అక్కడే ఉంది. ఇంట్లోవాళ్ళు గుండె చిక్కబట్టుకొని ఎదురుచూస్తారు, అంతే.

షెడ్డులో ఉమామహేష్ రెండు బేటరీలను బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ నాన్న నాటి బేటరీ పెట్టిలో పట్టుద్ది బావా. లైటుకీ హారనుకీ సాలుద్ది గానీ సెల్ఫు తిప్పనేదు. అంత ఇంజను కదలాలంటే ఒక్కసారే దమ్ము గావాల. ఈ పెద్దదైతే తిప్పేత్తాది. పెట్టి కొయ్యాల మరి."

"మా నాన్న పెట్టి కోత్తావేటి?"

"వద్దంటే మానీ. తొయ్యడానికి మా సిన్నతల్లక్క ఉంది గదా."

బంగారయ్య వంగి పెట్టెను చేత్తో తడిమాడు. బండి పక్కనున్న ఆ ఇనుప పెట్టె మీద తండ్రి వేయించిన రంగు ఇంకా చెక్కుచెదరలేదు. చివరకు కళ్ళు తుడుచుకొని, "కోసీ" అన్నాడు.

ఆసుపత్రిలో చెల్లెలిని చూసి వస్తున్న పొరుగింటి గౌరమ్మ, ఆ కళ్ళు తుడుచుకోవడం వీధిలోనుంచి చూసింది. ఆమె కనబడగానే బంగారయ్య ఒక సీసా పట్టుకొని బయటికి వచ్చాడు. బేటరీలో అప్పుడప్పుడు పోయవలసిన శుద్ధి చేసిన నీళ్ళు అవి; బండి మీద పెట్టడానికి చోటు లేదు.

"గౌరమ్మప్పా, ఇది మా సిన్నతల్లికి ఇచ్చీ. ఈ నీళ్ళు ఎవుల్నీ ముట్టనియ్యద్దని సెప్పు. మిగతాది నానొచ్చి సెప్తాను."

గౌరమ్మ సీసాను రెండు చేతులా అందుకుంది. ఇంట్లో ఒక మనిషికి నీళ్ళు వేరుగా పెట్టారంటే దాని అర్థమేమిటో ఉద్దానంలో పసిపిల్లలకు కూడా తెలుసు.

మధ్యాహ్నానికి సీసా చిన్నతల్లి దేవుడి గూట్లోకి చేరింది. వార్త టెక్కలి చేరింది. చిన్నతల్లి తమ్ముడు తిరుమలరావు, మగపెళ్ళివారికి ఫోను చేసి నిశ్చితార్థం వాయిదా వేసి, బంధువులందరితో ఉన్నపళంగా కవిటి వచ్చేశాడు. గౌరమ్మ ఉప్పు లేని కూర వండి తెచ్చింది.

సాయంత్రం బంగారయ్య బొటనవేలితో బటన్ నిమురుతూ ఇల్లు చేరేసరికి వాకిలి నిండా జనం. ఎవరూ నవ్వలేదు. చిన్నతల్లి ఎదురువచ్చి, బండి తాళం లాగేసి, కొంగున ముడివేసుకుంది.

"ఇంక నువ్వు బండి తోలద్దు మావా. లోపలికి రా."

కంచం ముందు కూర్చోబెట్టారు. ఆయన ఒక్క ముద్ద తిని, "ఉప్పు నేదేటి?" అన్నాడు. ఆ మాటకు ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా ఏడ్చారు.

"నాదొకటి తీసుకో మావా," అంది చిన్నతల్లి.

"ఏటి తీసుకోవాల?"

"కిడ్నీ."

బంగారయ్య నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. సీసా సంగతి, సెల్ఫు సంగతి మాట మాటగా బయటపడ్డాయి. తిరుమలరావు గోడకు జారబడి కూర్చున్నాడు.

"బావా, మగపెళ్ళివోరికి ఇప్పుడేటని సెప్పాల?"

"బేటరీ అని సెప్పు. రేపు అనుకున్న యేలకే వచ్చేత్తామని సెప్పు."

చెప్పడమే కాదు, రుజువు చూపిస్తానని బంగారయ్య కంగారుగా బండి దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళాడు. బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. లేదు. తండ్రి పెట్టెను దండగ్గా కోయించానని ఆయన ముఖం పాలిపోయింది.

"ఎదవ బేటరీ," అన్నాడు.

చిన్నతల్లి కన్నీళ్ళు తుడుచుకుంది. ఒకసారి కొంగు తడుముకుంది. వెళ్ళి బండి ముందు సీటులో కూర్చుంది.

"తొయ్యి."

"నానా? నా మోకాలు సూడవేటే?"

"మరి హేండిలు ఎవులో ఒకలు పట్టుకోవాల గదా."

కిడ్నీ ఇవ్వడానికి క్షణం వెనుకాడని మనిషి, ఆ దారిలో ఒక్క అడుగు కూడా తగ్గించలేదు. తోటల మధ్యనుంచి కవిటి బస్టాండు దాకా బంగారయ్య ఒక్కడే తోశాడు. వెనక పుట్టింటివారు నడిచారు. టెక్కలి బజారులో ఆనాడు నవ్వినవారిలో బతికున్నవారందరూ ఉన్నారు.

బస్టాండులో చిన్నతల్లి కొంగు ముడి విప్పింది. తాళం పెట్టి తిప్పి, బటన్ నొక్కింది. ఒక్క నొక్కుకే బండి గర్జించింది. బంగారయ్య నోరు తెరిచి నిలబడిపోయాడు.

"తాళం నీకాడే ఉందా?"

"నాకాడే ఉంది."

"ఇంటికాడే సెప్పొచ్చు గదే."

"బాకీ ఉంది గదా మావా."

ఆ బాకీ నేటితో పూర్తిగా తీరిందని అందరి ముందూ ఒప్పుకొని, ఆమె వెనక సీటుకు జరిగింది. బేటరీ ఎంపికలో మాత్రం ఆయనను ఏ తప్పూ పట్టలేదు.