ఇనుప జింక మీద గురి

అమెరికాలో ఉన్న ప్రతి తెలుగు ఇంజనీరూ ఉన్నపళంగా ఒక రైఫిల్ కొనుక్కోవాలని నేను గట్టిగా సిఫార్సు చేస్తున్నాను. నవ్వకండి. కోడింగ్ వల్ల పైకొచ్చినవాణ్ని నేనింతవరకు చూడలేదు. సర్టిఫికేషన్ల వల్ల సర్టిఫికెట్లు తప్ప మరేమీ రాలేదు. ఇక మిగిలింది వేటగాళ్ల రైఫిల్ పోటీ ఒక్కటే!

కావాలంటే టెక్సాస్ రాష్ట్రం ప్లేనోలో ఉన్న తేజేశ్వర్‌ని చూడండి. ఐదేళ్లుగా ఒకే కంపెనీ, ఒకే ఫ్లోరు, ఒకే కుర్చీ. హెచ్ వన్ బీ వీసాకి ఉండే ఆరేళ్లలో ఐదో ఏడు చివరికొచ్చింది. ఆరో ఏట అడుగుపెట్టేలోపు కంపెనీ గ్రీన్‌కార్డ్‌కి ఫైల్ చేసిందా, ఉంటాడు. చేయలేదా, ఆరేళ్లూ నిండగానే భార్య మనీషానీ, రెండో గ్రేడ్ చదివే కూతురు ఇషితనీ వెంటబెట్టుకుని పెట్టేబేడా సర్దుకోవాల్సిందే. ఎవరి పేర్లు హెచ్‌ఆర్‌కి పంపాలో తేల్చేవాడు డైరెక్టర్ గ్యారీ.

వెళ్లి అడగొచ్చు కదా అంటారా? ఎంత మాట! మనం అడుగుతామా? నోరు తెరిచి అడిగితే ఏం బావుంటుంది? అవతలివాడే గ్రహించాలి. గ్రహించేదాకా వాడి కళ్లముందు తచ్చాడుతూ ఉండాలి. గ్యారీ శనివారాలు రైఫిల్ పోటీలకు వెళతాడు. కాబట్టి తేజేశ్వర్ కూడా రైఫిల్ కొన్నాడు.

అయితే వీసా మీద ఉన్నవాడు తుపాకీ ముట్టుకోకూడదని ఇక్కడి చట్టం. వేట లైసెన్సు ఉంటే మాత్రం ముట్టుకోవచ్చట! గుడ్డు వేశారేమోనని కేకు డబ్బా తిరగేసి చదివి పక్కన పెట్టే తేజేశ్వర్, ఆ విధంగా టెక్సాస్‌లో జింకల్ని చంపడానికి అర్హత సంపాదించాడు.

"డాడీ, నువ్వు డీర్‌ని కిల్ చేస్తావా?" అంది ఇషిత కళ్లనీళ్లు పెట్టుకుని.

"లేదమ్మా. ఇనుప డీర్‌ని కొడతానంతే."

"దానికి హర్ట్ అవ్వదా?"

"అవ్వదు. భుజం నొప్పి నాకే."

ఆటేమిటో తెలియనివారి కోసం చెబుతాను. కొండవాలు మీద ఎక్కడెక్కడో ఇనుప జింకలు, ఇనుప పందులు నిలబెట్టి ఉంటాయి. సామానంతా వీపున మోసుకుంటూ వెళ్లి, దుర్భిణీ పెట్టి వాటిని వెతికి, దూరం కొలిచి, నాలుగు నిమిషాల్లో కాల్చాలి. బల్లా ఉండదు, కుర్చీ ఉండదు. రాయి మీదో, మోకాలి మీదో సర్దుకోవాలి. ఊపిరి బిగబట్టాలి. కదలకూడదు, మెదలకూడదు. ఇందులో మనకి కొత్తేముంది చెప్పండి? వీసా స్టాంపింగ్ కిటికీ ముందు ఎన్నిసార్లు బిగబట్టలేదు!

మర్యాద విషయంలో కూడా ఈ ఆట మహా గొప్పది. మొదటి పోటీలో తేజేశ్వర్ వంతు వస్తే, వెనకున్న పెద్దాయనకి దారిచ్చి, "ముందు మీరు కానివ్వండి" అన్నాడు. ఆయన వెనకున్నాయన్ని కూడా కానివ్వమన్నాడు. చివరికి పోటీ నడిపించే రేంజ్ ఆఫీసరొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని అడిగితే, లేవన్నాడు. నాలుగు నిమిషాలూ పక్క కొండ మీద వెతికాడు. ఏ కొండో అడగడానికి మొహమాటం వేసిందట.

ఆ పూట గ్యారీ తన చేత్తో ఎండబెట్టిన జింక మాంసం ముక్కలు పంచాడు. తిననంటే ఏం బాధపడతాడో! తేజేశ్వర్ రెండు ముక్కలు తీసుకుని, "చాలా బావుంది" అంటూ టిష్యూలో చుట్టి జేబులో వేసుకున్నాడు. అంత నచ్చిందేమోనని గ్యారీ ప్రతి శనివారం ప్రత్యేకంగా ఒక సంచీ తేవడం మొదలెట్టాడు. బట్టలుతికేటప్పుడు జేబులు తడిమి చూసిన మనీషా వాంతి చేసుకున్నంత పని చేసింది.

"ఆయనకి వీసా మాట చెప్పలేవు, కనీసం శాకాహారినని చెప్పలేవా?" అంది.

"సమయం చూసి చెప్తాలే."

సమయం కోసం చూస్తూ చూస్తూ తేజేశ్వర్‌కి గురి కుదిరింది. నిజంగానే కుదిరింది! ఆఫీసులో బగ్గులు వెతికిన కళ్లు కదా, పొదల చాటు పందిని కూడా పట్టేసేవి. కాల్చితే టంగుమని మోగాల్సిందే. అక్టోబర్ పోటీలో మొదటి ముగ్గురిలో నిలిచాడు. గ్యారీ కావలించుకుని ఫొటో దిగాడు. ఆ రాత్రి తేజేశ్వర్ ఇంట్లో పరమాన్నం. ఇక ఆయన గ్రహించినట్టే, ఫైల్ చేసినట్టే, గ్రీన్‌కార్డ్ వచ్చినట్టే!

వారం తిరిగేసరికి ఆఫీసు కారిడార్‌లో ఒక కబురు తిరిగింది. ఈ ఏటి గ్రీన్‌కార్డ్ పేర్లు హెచ్‌ఆర్‌కి వెళ్లిపోయాయట. తన పేరు లేదట. తేజేశ్వర్ ఇక ఆగలేదు. ఐదేళ్లలో మొదటిసారి, పిలవకుండా గ్యారీ గదిలోకి వెళ్లాడు. అడగాల్సింది అడిగేశాడు.

తేజేశ్వర్‌ని టీజే అని పిలిచే గ్యారీ తెల్లబోయాడు. "టీజే, నీకు గ్రీన్‌కార్డ్ కావాలా?"

"అవును. వీసా మీద ఉన్నాను."

"వీసా వాళ్లు గన్ పట్టుకోకూడదని విన్నానే. నీ చేతిలో రైఫిల్ చూసి, ఎప్పుడో సిటిజన్ అయిపోయావనుకున్నాను. శుక్రవారమే లిస్టు క్లోజ్ చేసేశారు. ఒక్క మాట చెప్పి ఉంటే మొదటి పేరు నీదే పెట్టేవాణ్ని."

అబద్ధమాడే మనిషి కాదు గ్యారీ. నిజంగానే బాధపడ్డాడు. ఆ బాధలోనే తేజేశ్వర్ భుజం తట్టి, తనకి చేతనైన సాయం అప్పటికప్పుడు చేసేశాడు.

ఇంటికొచ్చి షూస్ విప్పుతుంటే మనీషా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అడిగావా?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

"వచ్చే ఏడాది నవంబర్ పోటీకి తన టీమ్‌లో నా పేరు వేశాడు."

"అప్పటికి మనం ఇక్కడ ఉండం తేజూ" అంది మనీషా. తర్వాత లోపలికెళ్లి ఇషిత హోమ్‌వర్క్ చూడసాగింది.

అయినా నా సిఫార్సులో మార్పు లేదు. రైఫిల్ కొనుక్కోండి. అది గొప్ప క్రీడ, ఒంటికి మంచిది, పైవాళ్లతో స్నేహం పెంచుతుంది. ఐదేళ్లు ఒకే ఫ్లోర్‌లో తనకి పనిచేసి పెట్టిన మనిషి ఏ వీసా మీద బతుకుతున్నాడో డైరెక్టర్‌కి తెలియాలంటే ఏ ఆట ఆడాలో కూడా ఎవరైనా చెబితే, తేజేశ్వర్ చేత ఆ సామాను కూడా కొనిపిస్తాను.