పేదరికానికి తనిఖీ వచ్చిన రోజు

ఈ నగరంలో పేదవాడిగా గుర్తింపు పొందడం కన్నా ధనవంతుడు కావడం తేలిక. రెండోదానికి దరఖాస్తు ఉండదు.

ఈ సత్యం రోవెలిన్‌కి పెళ్ళయిన పంతొమ్మిదో రోజున తెలిసింది. అప్పటిదాకా ఆమెకు తెలిసినవన్నీ సంతోషకరమైన విషయాలే. మనీలా శివార్లలో, కాలువ పక్కన, ఆలింగ్ పాసింగ్ అనే పెద్దావిడ ఇంట్లో మూడో అంతస్తు గది వాళ్ళది. చేతులు బార చాపితే రెండు గోడలూ తగులుతాయి. మొదటి రోజునే జోమెల్ అలా చాపి చూసి, "మహారాణీ, రాజ్యం అంతా కొలిచేశాను" అని ప్రకటించాడు. కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ళ టీవీ కనిపిస్తుంది, మాట వినిపించదు. మాటలు వీళ్ళిద్దరూ కల్పించుకుంటారు. ఒకే మగ్గులో రెండు బ్రష్షులు ఆనుకుని నిలబడి ఉండటం చూసి రోవెలిన్ రోజూ పొద్దున్నే కొత్తగా మురిసిపోయేది.

ఒక్కటే చిక్కు. బేకరీలో ఆమె జీతం, గోదాములో అతని జీతం కలిపితే అందులో సగం పైచిలుకు అద్దెకే పోతోంది. మిగిలినదానితో నెల గడవడం లేదు. ఏదో ఒక సాయం అందకపోతే జోమెల్ మళ్ళీ గోదాము వెనక కూలీల షెడ్డుకి, రోవెలిన్ మళ్ళీ మేనత్త ఇంటికి, నలుగురు అమ్మాయిలు అడ్డంగా పడుకునే మంచానికి వెళ్ళిపోవాలి. (భార్యాభర్తలు చెరో చోట ఉండటాన్ని ఏ చట్టమూ నిషేధించదు. కాకపోతే అందుకోసం ఎవరూ పెళ్ళి చేసుకోరు.)

అందుకని ఆమె అద్దె చేయూత కార్యాలయానికి వెళ్ళింది. నాలుగో కిటికీ దగ్గర మిస్ పెర్పెతువా అనే ఉద్యోగిని కూర్చుని ఉంది.

"పేదవాళ్ళమని సర్టిఫికెట్ తెచ్చావా?"

"తెచ్చానండీ."

"దానికి ఫీజు కట్టిన రసీదు?"

"ఇదుగోనండీ."

మిస్ పెర్పెతువా కళ్ళద్దాల మీదుగా చూసింది. "కట్టగలిగావన్నమాట!" అని ఏదో రాసుకుంది. "గురువారం తనిఖీకి ఆఫీసరుగారు వస్తారు. ఇల్లు ఉన్నది ఉన్నట్టు ఉంచండి."

ఆ దేశంలో ఇంతవరకూ ఎవరూ పాటించని ఆదేశం ఏదైనా ఉందంటే ఇదే. మనిషి ఇంటికి వస్తున్నాడంటే ఇల్లు ఉన్నది ఉన్నట్టు ఉంచడం కన్నా తలుపు తియ్యకపోవడం మర్యాద.

సంగతి విని ఆలింగ్ పాసింగ్ మూడు అంతస్తులూ ఎక్కి వచ్చింది. "గవర్నమెంటు మనిషి నా ఇంటికొస్తే నేల మీద కూచోబెడతావుటే? నా పరువేం కాను?"

"పిన్నీ, మేం బీదవాళ్ళమో కాదో చూడ్డానికే ఆయన వస్తున్నాడు."

"బీదవాళ్ళైతే? ఫ్యాన్ లేకుండా చెమటల్లో ముంచి పంపిస్తారా?"

నిజానికి లోలోపల రోవెలిన్‌కీ అదే అనిపిస్తోంది. గురువారం మధ్యాహ్నానికల్లా ఇంటావిడ ఫ్యాను, రెండు కుర్చీలు, బల్ల పైకి వచ్చేశాయి. కింద వాటాలో ఉండే మాంగ్ డోరో, చనిపోయిన భార్య ముప్పై ఏళ్ళు అద్దాల బీరువాలో దాచిన గాజు పళ్ళేలు దించి ఇచ్చాడు. ఎదురు కొట్టువాళ్ళు, అడగకుండానే, పాడినవాళ్ళకి మార్కులు వేసే కరావోకే పాటల పెట్టె మోసుకొచ్చారు. నేల మీద చోటు లేక దాన్ని మంచం మీద పడుకోబెట్టారు. రోవెలిన్ రొయ్యలు వేసి పన్సిత్ నూడుల్స్ వండింది.

జోమెల్ గది నాలుగు మూలలా చూసి, "మన పెళ్ళికి కూడా మనం ఇంత బాగా లేమే" అన్నాడు. ఆమెకు నవ్వాగలేదు.

తనిఖీ అధికారి తియోడుల్ఫో కబరల్ గారు రొప్పుతూ వచ్చారు. చంకలో కొలిచే టేపు, చేతిలో పద్నాలుగు పేజీల ఫారం.

"కూచోండి సార్. రెండు ముద్దలు తినండి."

"డ్యూటీలో తినకూడదమ్మా" అంటూ ఆయన కూర్చుని పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. సగం తిన్నాక పెన్ను తీశారు.

"పళ్ళేలు ఎవరివి?"

"కింద పెద్దాయనవండీ."

"పాటల పెట్టె?"

"ఎదురు కొట్టువాళ్ళది."

"ఫ్యాను, కుర్చీలు, బల్ల?"

"ఇంటావిడవండీ."

"మరి మీవి?"

"మంచం ఒకటి, బ్రష్షులు రెండు సార్" అన్నాడు జోమెల్, గర్వంగా.

రోవెలిన్ కిసుక్కున నవ్వింది. కబరల్ గారు తొమ్మిదో పేజీ తిప్పి, 'ఇంట్లో నవ్వు' అన్న గడిలో 'ఉంది' అని రాసుకున్నారు. (మార్కులు తగ్గించే గడి అది.)

తరువాత ఆయన నిబంధనలు వివరించారు. సాయం అందాలంటే అద్దె జీతంలో మూడింట రెండు వంతులు దాటాలి. వీళ్ళది సగం మాత్రమే దాటింది. అంటే ఇబ్బంది ఉంది కానీ, కార్యాలయం గుర్తించే స్థాయికి ఇంకా చేరలేదు.

రోవెలిన్ ముఖం పాలిపోయింది. జోమెల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. (దానికి గడి లేదు కాబట్టి కబరల్ గారు చూడలేదు.)

"కంగారు పడకమ్మా" అన్నారాయన, రొయ్య ఏరుకుంటూ. "ఫ్యాను ఇంటావిడది. కుర్చీలు ఇంటావిడవి. అవి గదిలో ఉన్నాయి. కాబట్టి ఇది సామాను గల గది. సామాను గల గదికి మా పట్టికలో అద్దె వేరు. ఇన్నాళ్ళూ మీరు తక్కువ కడుతున్నారు."

నిమ్మరసం గ్లాసుతో అప్పుడే గుమ్మంలోకి వచ్చిన ఆలింగ్ పాసింగ్ ఆగిపోయింది. "ఎంత తక్కువ?" అని అడిగింది.

"నెలకి రెండు వేల పెసోలు."

"అవి కుంటి కుర్చీలు సార్!" అన్నాడు జోమెల్.

"కుంటితనానికి తగ్గింపు లేదు బాబూ. కొత్త అద్దెతో చూస్తే మీరు మూడింట రెండు వంతులు దాటేశారు. అభినందనలు. అర్హులయ్యారు."

ఆయన మనస్ఫూర్తిగానే సంతోషించారు. మెట్ల మీద నిలబడి వింటున్న జనం చప్పట్లు కొట్టారు. కబరల్ గారు రెండో పళ్ళెం తిని, అందరూ బలవంతపెట్టగా ఒక ప్రేమ పాట పాడారు. పెట్టె ఆయనకి తొంభై మూడు మార్కులు వేసింది. ఆ రోజు ఎటువంటి నిబంధనా లేకుండా ఇచ్చిన మార్కులు అవే.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. అద్దె రెండు వేలు పెంచడమైనది. సాయం రెండు వేలు మంజూరు చేయడమైనది. సాయం నేరుగా ఇంటి యజమానికి చేరును.

జోమెల్ రెండుసార్లు చదివాడు. "అంటే మనకి సాయం వచ్చింది."

"వచ్చింది" అంది రోవెలిన్.

"ఎక్కడుంది?"

"పిన్ని దగ్గర."

ఆలింగ్ పాసింగ్ చెడ్డ మనిషి కాదు. నాలుగు రోజులు వాళ్ళకి ఎదురుపడకుండా తిరిగింది. అయిదో రోజున గిన్నెడు కూర తెచ్చి, "నేనడిగానుటే? గవర్నమెంటే రాసిచ్చింది. తక్కువ తీసుకుంటే నా మీద కేసుట!" అని కళ్ళు తుడుచుకుంది. కూర చాలా బాగుంది. కార్యాలయం వారి వార్షిక నివేదికలో, ఈ పథకం వల్ల నగరంలో సామాను గల గదులు గణనీయంగా పెరిగాయని రాశారు.

వీళ్ళు కట్టాల్సింది మాత్రం పాత అద్దె అంతే ఉండిపోయింది. షెడ్డుకీ మేనత్త ఇంటికీ వెళ్ళడం ఇష్టంలేక జోమెల్ జీతం ఎక్కువొచ్చే రాత్రి షిఫ్టుకి మారాడు. రోవెలిన్ పగలు రెండు షిఫ్టులు తీసుకుంది. గది నిలబడింది. అతను తెల్లారి వచ్చేసరికి ఆమె బస్సులో ఉంటుంది. ఆమె తిరిగి వచ్చేసరికి అతను గోదాములో ఉంటాడు. దిండు కింద అతను పెట్టిన చీటీ ఉంటుంది, "ఇవాళ టీవీలో ఆ లావుపాటాయన ఏడ్చాడు, ఎందుకో నువ్వే చెప్పాలి" అని. దిండు ఒక్కోసారి ఇంకా వెచ్చగానే ఉంటుంది. అలాంటి రోజున ఆమె దాన్ని అదృష్టం కింద జమకట్టుకునేది.

ఆరు నెలలకు సాయం పొడిగింపు కోసం నాలుగో కిటికీకి వెళ్ళింది. మిస్ పెర్పెతువా ఫారం చదివింది. "దంపతులిద్దరూ ఆ గదిలో కలిసే ఉంటున్నారా?"

"కలిసి అంటే, ఒకే వేళకా అండీ?" అని అడిగింది రోవెలిన్.

మిస్ పెర్పెతువా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక వైపు కూడా చూసింది.

"వేళకి గడి లేదమ్మా" అని, 'అవును' దగ్గర టిక్కు పెట్టింది.