అలుగు ఇంట్లో గుండ్రని రాయి

అది చాలా పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, తూర్పు కొసన ఒక తాలూకా ఉందన్న సంగతి నడిమధ్య అడవిలోని పెద్దలకు పటం గీసే రోజున తప్ప గుర్తొచ్చేది కాదు.

ఆ తాలూకాకి జంబుకేశం అనే నక్క అధికారి. ఆయనకు నడిమధ్య అడవికి బదిలీ కావాలి. సందర్శకులు వచ్చే మ్యూజియం పెట్టిన అధికారులకు కోరిన చోటికి బదిలీ ఇస్తామని ఆ ఏడు అడవి సభ ప్రకటించింది.

మ్యూజియానికి పాత వస్తువులు కావాలి. తాలూకా మొత్తం మీద అవి ఉన్నది పొలుసయ్య అనే ముసలి అలుగు బొరియలో. ఒళ్ళంతా పొలుసులుండి, చీమలు తిని బతికే జంతువు అలుగు. అలుగులు ఎలా బతికేవో రాబోయే తరాలకు చూపించాలని జంబుకేశం ఆయనకు నచ్చజెప్పాడు. తాను ఇంకా బతికే ఉన్నానని పొలుసయ్య గుర్తుచేశాడు. అది చిన్న ఇబ్బందేనని, సర్దుకోవచ్చని జంబుకేశం చెప్పి, మూడు రోజుల్లో ఖాళీ చేయమన్నాడు.

పొలుసయ్య కాపురం చేసింది ఆ బొరియలోనే. భార్య కన్నుమూసిందీ అక్కడే. మూడో రోజున ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. నడిగదిలో బంతిలా చుట్టుకుని పడుకున్నాడు. చుట్టుకున్న అలుగును విప్పడం పులివల్ల కూడా కాదు. జంబుకేశం కాసేపు లాగి చూసి, చివరికి ఒక పలక తెచ్చి పక్కన పెట్టాడు. ‘గుండ్రని రాయి. అతి ప్రాచీనం. ముట్టుకోరాదు.’

రోజూ సందర్శన వేళ ముగిశాక పొలుసయ్య లేచి చీమలు తినేవాడు. సెలవులు రాగానే జంబుకేశం వేళల్ని రాత్రంతా పొడిగించాడు. దాంతో ఆ కాస్త తిండీ పోయింది.

ఆ సెలవుల్లోనే శూలపాణి అనే ముళ్ళపంది భార్యతో, కూతురితో ఆ తాలూకాకి వచ్చాడు. ఆయన నడిమధ్య అడవిలో గుమాస్తా. ఆరేళ్ళకు దొరికిన సెలవు. ఏరు చూద్దామనుకుంటే ముసురు పట్టింది. తడవకుండా చూడగలిగేది ఏముందని భార్య కంటకమ్మ అడిగితే, మ్యూజియం ఒక్కటేనని దారిలో ఎవరో చెప్పారు.

జంబుకేశం దగ్గరుండి అన్నీ చూపించాడు. ఆకుల పడక చూపించి ఈ జాతి ఎప్పుడో అంతరించిందన్నాడు. పడక వెచ్చగా ఉందేమిటని కంటకమ్మ అడిగితే, భద్రపరిచే పద్ధతి అలాంటిదన్నాడు. ఇంతలో గుమ్మం దగ్గర కుందేళ్ళ గుంపు కనబడితే అటు వెళ్ళాడు.

శూలపాణి కూతురు చిట్టిముల్లు రాయి దగ్గరే ఆగిపోయింది. కాసేపటికి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

“నాన్నా, రాయికి ఆకలేస్తోందట.”

శూలపాణి వంగి చెవి పెట్టాడు. రాయి లోపలి నుంచి పొలుసయ్య మెల్లగా అన్నాడు. “నాలుగు రోజులైంది బాబూ. లేచి బయటికి పోతే ఇల్లు పోతుంది. ఇలాగే ఉంటే నేను పోతాను. ఏం చేయమంటావు?”

కంటకమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ముళ్ళన్నీ విప్పింది. చిట్టిముల్లు గోడ వారనున్న చీమల్ని ఆకులోకి ఊడ్చి తెచ్చింది. ముసలాయన తింటున్నంతసేపూ శూలపాణి అటు తిరిగి నిలబడ్డాడు.

ఫిర్యాదు చేద్దామంది కంటకమ్మ. శూలపాణి తల అడ్డంగా ఊపాడు. ఏ అధికారి మీద ఫిర్యాదు చేస్తే అది అతని దగ్గరికే విచారణకు వెళ్తుందని, పొగడ్తను మాత్రం ఎవరూ విచారించరని చెప్పాడు. అలాంటి కాగితాలు ఆయన చేతి మీదుగా చాలా వెళ్ళాయి.

జంబుకేశం అభిప్రాయాల పుస్తకం తెచ్చి, నాలుగు మంచి మాటలు రాయమన్నాడు. శూలపాణి నిండు పేజీ రాశాడు. ఇలాంటి అధికారి వెయ్యేళ్ళకొకరు పుడతారని, అలుగు ఇల్లు ఏపాటిదని, జంబుకేశం గారి సొంత గుహనే ఉన్నదున్నట్టు భద్రపరిచి ప్రజలకు చూపించాలని రాశాడు. జంబుకేశం దాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాడు. ఆ పేజీని ఆ రోజే తన చేత్తో సభకు పంపాడు.

సభ అందులోని సూచనను అందిన రోజే చర్చ లేకుండా ఆమోదించింది. ఒక తాలూకాకి రెండు మ్యూజియాలు ఎందుకని అలుగు ఇంటిని వదిలేసింది. పొలుసయ్య ఆ పూట కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. ఒళ్ళు పట్టు పూర్తిగా వదలడానికి మాత్రం రెండు రోజులు పట్టిందట.

జంబుకేశం గుహను చూడటానికి మాత్రం జనం విరగబడి వచ్చారు. అంత పేరున్న అధికారిని అక్కడినుంచి కదపరాదని సభ మరో తీర్మానం చేసింది. ఆయన ఇప్పుడు పగలంతా సొంత గుమ్మంలో నిలబడి, తన పడకను సందర్శకులకు అడ్డంగా కట్టిన తాడు ఇవతలి నుంచి చూపిస్తున్నాడు.

నీతి: ఎవరిచేతనైనా ఇల్లు ఖాళీ చేయించాలంటే, ముందు వారిని గొప్పవారని పొగడాలి.