ఆఖరి వాక్య సంహారం

వైశాఖ మార్తాండుడు జూబ్లీ హిల్స్ సౌధశిఖరాలను నిర్దాక్షిణ్యంగా కాల్చుతున్న ఒకానొక మంగళవారాన, అవకాశార్థుల నిట్టూర్పులతో మరింత వేడెక్కిన ఫిల్మ్ నగర్‌లో, ఒక నిర్మాణ సంస్థ రెండో అంతస్తున, ఏసీ మందమారుత సేవితమైన చర్చామందిరంలో, ఏకాకినియై, కలమాత్రాయుధయై, మైత్రేయి అనే రచయిత్రి ఒకే ఒక్క వాక్యంతో యుద్ధానికి దిగింది.

ఆమె రాసిన నాలుగు పేజీల కథ లఘుచిత్రం కాబోతోంది. అందులో మిషన్ కుట్టుకుని బతికే ఒక తల్లి. మాట కాదని పెళ్లి చేసుకున్న కూతురితో రెండేళ్లుగా ఆమెకు మాటల్లేవు. ఒకరోజు పక్కింటావిడ, మీ అమ్మాయిని ఆసుపత్రి దగ్గర చూశానంటుంది. తల్లి మిషన్ ఆపదు. ఆ మధ్యాహ్నం పెట్టెలోంచి కూతురి పాత జాకెట్టు తీసి, పక్క కుట్లు విప్పి, వదులు చేసి మళ్లీ కుడుతుంది. కథ అంతే.

ఆ 'అంతే' దగ్గరే రణభేరి మోగింది. ప్రేక్షకహృదయ మర్మజ్ఞుడనని తనకు తానే బిరుదమిచ్చుకున్న నిర్మాతాగ్రేసరుడు రఘునందన్, కథ చివర స్వహస్తంతో ఒక వాక్యాన్ని ప్రతిష్ఠించాడు: 'ఆ విధంగా ఆ మాతృమూర్తి గర్భవతియైన తన కూతురిని క్షమించింది.' దీన్ని గంభీర కంఠంతో చదివిస్తానన్నాడు. వెనక వీణ ఉంటుందన్నాడు.

మైత్రేయి ఆడసింహంలా లేచి, పాఠకుడి బుద్ధిని శంకించడం మహాపాతకమనీ, చెప్పని మాటే కథకు ప్రాణవాయువనీ సుదీర్ఘంగా ఉపన్యసించింది. మేరునగధీరుడు చలించలేదు.

"జనం ఫోన్ చూసుకుంటూ సినిమా చూస్తారండీ. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? మీకు ఇబ్బందైతే మన ఇంకో రైటర్ రవిచంద్రతో రాయిస్తాను."

ఆ బ్రహ్మాస్త్రం సూటిగా ఆమె పేరుకే తగిలింది. ఎనిమిదేళ్లుగా ఇతరుల సంభాషణలకు మాసికలు వేసిన ఆమె పేరు తెరమీద పడబోవడం ఇదే మొదటిసారి. ఒక్క వాక్యమే కదా, పోనీ, అనుకుంది. తల ఊపబోయింది.

అంతలో రహమత్ నగర్ నుంచి వచ్చి ఆఫీసులో టీ పెట్టే శకుంతలమ్మ కప్పులతో ప్రవేశించింది. తన వాదం ఋజువు చేయడానికి ఇంతకంటే మంచి సాక్షి దొరకదని తలచిన రఘునందన్, ఆమెను నిలబెట్టి, తన వాక్యం మినహా కథంతా చదివి వినిపించాడు. ఏం అర్థమైందో చెప్పమన్నాడు.

ఆమె ట్రే బల్లమీద పెట్టింది.

"ఎన్నో నెల సారూ, ఆ పిల్లకు?"

సభ స్తంభించింది. మైత్రేయి కలం కింద పెట్టింది.

"జాకెట్టు తనే పట్టుకపోతదా, ఎవరితోనన్న పంపిస్తదా?" అనడిగింది శకుంతలమ్మ మళ్లీ.

"తనే వెళ్తుంది," అన్నాడు రఘునందన్, ఆలోచించకుండానే.

"పోదు సార్. గంత జల్ది పోదు. పంపిస్తది."

తల్లి వెళ్లి తీరుతుందని ఆయన, ఇంకా మూడు నెలలైనా కోపం పోదని ఆమె, టీ చల్లారేదాకా వాదులాడారు. ఎవరు చెప్పింది నిజమని చివరకు ఇద్దరూ మైత్రేయి వైపు తిరిగారు. తనకూ తెలియదందామె. అది నిజం కూడా.

రఘునందన్ కాగితం ముందుకు లాక్కుని, ఎవరి ముఖమూ చూడకుండా, తన వాక్యం మీద గీత గీశాడు.

దిక్పాలకులారా, వినుడు! ఎనిమిది పదాల మహాసేన నేలకూలింది. వీణ వెనుదిరిగింది. జూబ్లీ హిల్స్ మొదలు యూసుఫ్‌గూడ దాకా గల సమస్త భూమండలంలో, ఆ మంగళవారం మధ్యాహ్నం, ఒక కథ తాను ఆగిన చోటే ఆగింది.