గంగ చెంబు పక్కన సీసాలు

ఆదివారం పొద్దున్నే పరబ్రహ్మం జొన్నలు కుక్కరులో ఉడికించి, చల్లార్చి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని పూజగదిలోకి వెళ్ళాడు. భక్తితో కాదు. అక్కడ కాశీ గంగ చెంబు పక్కన పెట్టిన మూడు గాజు సీసాల్లో ఒకటి ఇవాళ తెరవాలని ఆయన ఉద్దేశం.

ఫిలింనగర్‌లో ఓ డబ్బింగ్ థియేటరులో సౌండ్ ఇంజినీరైన పరబ్రహ్మానికి పుట్టగొడుగుల పెంపకమంటే పిచ్చి. షేక్‌పేటలో వానకు కూలిన మామిడి మొద్దు మీద దొరికిన చిప్ప పుట్టగొడుగు ఆయన పాలిట బంగారం. ఆ రుచి బజారులో దొరికే వాటికి లేదు. అయితే మాటిమాటికీ తిరగనాటుతూ పోతే ఎంత మంచి వంశమైనా నీరసిస్తుంది. అందుకే దానికి వేరులాంటి తెల్లటి బూజును చిన్న ముక్కలుగా కోసి, బాగా మరిగించి చల్లార్చిన నీళ్ళలో వేసి, మూతకు మైనం పోసి, చల్లగా చీకటిగా ఉన్నచోట కదపకుండా ఉంచాలి. ఏళ్ళ తరబడి నిద్రపోతుంది గాని చావదు. ఈమధ్య గడ్డి సంచుల్లో పెంచుతున్న పంటకంతా పచ్చబూజు పట్టి, అది కాస్తా పోయింది. ఇక ఆ సీసాల్లో మిగిలిందే మొత్తం వంశం. దాన్ని ఉడికించిన జొన్నల మీద వేసి మళ్ళీ నిద్ర లేపాలి.

అంత విలువైన వస్తువు పూజగదిలో ఎందుకుందంటే, ఫ్రిజ్‌లో చోటు పోయింది కనుక. పెరుగు గిన్నె పక్కన బూజు సీసాలు చూసిన రోజున ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ ఇల్లు పీకి పందిరేసింది. పరబ్రహ్మం బుర్రకు పదును పెట్టాడు. మన ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి ఎవరూ మూత తీయని సరుకు ఒక్కటే ఉంది, కాశీ నుంచి తెచ్చిన గంగ. పోయే ప్రాణానికి తప్ప దాని జోలికి ఎవరూ వెళ్ళరు. సీసాలు చెంబు పక్కకు చేరాయి. ఇవేంటని భార్య అడిగితే, "మా అక్కయ్య కాశీ నుంచి పంపింది, ముట్టుకోకు," అనేశాడు.

ఇప్పుడు అక్కడ రెండే ఉన్నాయి.

"ప్రసూనా! ఇక్కడ ఇంకో సీసా ఉండాలి, ఏదీ?"

"పైన శారదాదేవిగారికి ఇచ్చానండీ. పాపం, వాళ్ళాయన వెంకటేశ్వరరావుగారికి ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టుందట. చెంబు సీలు ఎంతకీ ఊడి రాలేదు. సీసాకైతే మైనమే కదా!"

పరబ్రహ్మం పై అంతస్తుకు పరిగెత్తాడు. అక్కడ నిర్మాత వెంకటేశ్వరరావు సోఫాలో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

"రండి పరబ్రహ్మంగారూ! మీరు మనిషి కాదు, దేవుడు! గుండె పట్టేసింది, అయిపోయిందనుకున్నా. మా ఆవిడ మీ గంగ నోట్లో పోసిందో లేదో, లోపల ఏదో జిగటగా జారింది. ఇంత త్రేన్పు వచ్చింది! యముడు వచ్చిన దారినే పోయాడండీ!"

ముందురోజు పెళ్ళిలో ఈయన బూరెల మీద చేసిన దాడి చూసినవారెవరూ ఇందులో యముణ్ణి ఇరికించరు. 'మీరు తాగింది బూజు, ప్రమాదమేమీ లేదు' అన్న మాట పరబ్రహ్మం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది చెబితే దేవుడి పక్కన బూజు పెట్టి కాశీ పేరు చెప్పిన సంగతీ చెప్పాలి. దండం పెట్టి కిందికి దిగాడు.

ఈలోగా మహిమ మెట్ల మీదుగా అన్ని అంతస్తులకూ పాకింది. హాల్లో అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షురాలు అనసూయమ్మ కాఫీ తాగుతోంది. ఆమె పక్కన రెండో సీసా ఖాళీగా ఉంది.

"ఒకరికిచ్చి ఇంకొకరికి లేదంటే బాగుండదు కదండీ," అంది జ్ఞానప్రసూనాంబ సంబరంగా. "అందుకని అనసూయమ్మగారు పైన ట్యాంకులో కలిపించేశారు. అన్ని ఫ్లాట్లకూ సమానంగా అందుతుంది."

పరబ్రహ్మం మూడో సీసా లాల్చీ జేబులో వేసుకుని, మధురానగర్‌లోని స్నేహితుడి ఇంట్లో దాచుదామని బయటపడ్డాడు. గేటు దగ్గర పట్టుపంచెలో వెంకటేశ్వరరావు ఎదురయ్యాడు.

"నేనే అడుగుదామని వస్తున్నా, మీరే తీసుకొస్తున్నారా! ఇవాళ మా సినిమా ముహూర్తమని ఎవరు చెప్పారండీ మీకు?"

ఆయన చూపు సీసా మూత మీద ఉంది. అది జేబులోంచి బయటికి కనబడుతోంది. పరబ్రహ్మం నోరు తెరిచేలోపు కారులో ఉన్నాడు.

స్టూడియో ఫ్లోరులో వరిగడ్డి కప్పిన పాక సెట్టు వేశారు. కొబ్బరికాయ కొట్టారు. ఇక దాచి లాభం లేదని పరబ్రహ్మం నిర్మాత చెవిలో నిజం చెప్పేశాడు.

"సార్, ఇది గంగ కాదు. పుట్టగొడుగుల విత్తనం. ఇంట్లో నేనే తయారుచేశాను. ఇదొక్కటే మిగిలింది, నన్ను వదిలేయండి."

వెంకటేశ్వరరావు ఆయన్ని ప్రేమగా చూశాడు. "దిష్టి తగులుతుందని అలా అంటున్నారు. నాకు తెలీదేంటండీ? కథ అద్భుతంగా కుదిరిన ప్రతిసారీ నేనూ బయట ఏదో మామూలు కథే అంటాను."

సీసా చేతులు మారింది. మైనం ఊడింది. స్టూలెక్కిన నిర్మాత చివరి చుక్కదాకా గడ్డి కప్పు మీద పోశాడు. పరబ్రహ్మానికి నిజంగానే ఏడుపొచ్చింది. భక్తి అనుకుని ఫోటోగ్రాఫర్లు దగ్గరికి వచ్చి మరీ తీశారు.

తర్వాత ఆయన షేక్‌పేట వెళ్ళి వెతికితే, ఆ మామిడి మొద్దు ఎప్పుడో ఎవరి పొయ్యిలోకో పోయిందన్నారు. ఇంటికొచ్చి ఖాళీ సంచులన్నీ మడిచి అటక మీద పడేశాడు. అన్నం కూడా సరిగా తినలేదు.

కొన్ని వారాలకు వెంకటేశ్వరరావు ఫోను చేశాడు. "వెంటనే ఫ్లోరుకి రండి! చెల్లెమ్మని కూడా తీసుకురండి!"

వానపాట కోసం రోజుల తరబడి తడిపిన పాక అది. చీకటి గది, నానిన గడ్డి. పరబ్రహ్మం ఇంట్లో అవస్థపడి చేసే ఏర్పాట్లన్నీ అక్కడ వాటంతటవే అమిరాయి. కప్పు నిండా తెల్లటి చిప్పలు గుత్తులు గుత్తులుగా విరగబూశాయి. వాటికి పసుపు, కుంకుమ, పూలదండ. ముందు హారతి పళ్ళెం.

"చూశారా దేవుడి లీల!" అంది జ్ఞానప్రసూనాంబ. "మీరు ఇన్నేళ్ళు పెంచినా ఒక్కసారైనా ఇంత చక్కగా వచ్చాయా?"

పరబ్రహ్మం ముందుకు దూకబోతే సెట్టు కాపలా నర్సింహ అడ్డొచ్చాడు.

"జర ఆగుండ్రి సార్. చెప్పులు గాడ ఇడిసి రాండ్రి. గంగమ్మ ఎలిసింది గీడ."

"ఒక్క తునక చాలు నర్సింహా, గోరంత."

"ఏంది సార్ గట్లంటరు? అమ్మవారి మీద చెయ్యేస్తరా? రేపు అద్దాల పెట్టె చేయించి తాళమేస్తరంట. ఎవల్నీ ముట్టనీయొద్దన్నరు."

అంతలో వెంకటేశ్వరరావు వచ్చి, కళ్ళు మూసుకుని దండం పెట్టి, ఒక్క చిప్ప తుంచి పరబ్రహ్మం అరచేతిలో పెట్టాడు. "ప్రసాదం మీ ఒక్కరికే. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకోండి."

యూనిట్ అంతా చేతులు జోడించి చూస్తోంది. పోయిందనుకున్న వంశం మొత్తం అరచేతిలో ఉంది. మింగితే ఇక లేదు. పరబ్రహ్మం దాన్ని కళ్ళకద్దుకున్నాడు, చెయ్యి నోటిదాకా తెచ్చాడు, దవడలు ఆడించాడు. అదే చేత్తో చెమట తుడుచుకుంటున్నట్టు రుమాలు తీసి, అందులో చుట్టి జేబులో పెట్టాడు. ఆయన ప్రాణం లేచొచ్చింది.

ఎవరూ చూడలేదు, జ్ఞానప్రసూనాంబ తప్ప.

దేవుడి దగ్గర తన భర్త మోసం చేయడం అదే మొదటిసారని ఆమె ఇప్పటికీ బాధపడుతూ ఉంటుంది.